అన్నయ్య సంతకం అడుగుతున్నాడు: 2020 సుప్రీంకోర్టు తీర్పు మా ఎనిమిదెకరాలకు వర్తిస్తుందా?

తెనాలి_ఆడపడుచు
అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నగారు 1999లో పోయారు. వీలునామా రాయలేదు. అమ్మ, అన్నయ్య, అక్క, నేను ఉన్నాం. అక్క పెళ్లి 1983లో, నా పెళ్లి 1991లో అయ్యాయి. పొలం ఎనిమిదెకరాలు. నాన్న పోయినప్పటి నుంచి అన్నయ్యే కౌలుకిచ్చి చూసుకుంటున్నాడు. ఇప్పుడు ఒక పార్టీ కొంటామని వచ్చింది. ఆడపిల్లల సంతకాలు లేకుండా రిజిస్ట్రేషన్‌కి రామని వాళ్ల లాయరు అన్నాడట. దాంతో అన్నయ్య హక్కు విడుదల దస్తావేజు టైపు చేయించి వాట్సాప్‌లో పంపాడు. అందులో ‘మా వాటాకు రావలసిన ప్రతిఫలం పూర్తిగా ముట్టినది’ అని ఉంది. మాకు రూపాయి ముట్టలేదు. గొడవ పెట్టుకోవాలని లేదు, గుడ్డిగా సంతకం పెట్టాలనీ లేదు. 2020 తీర్పుతో కూతుళ్లకు సమాన వాటా వచ్చిందంటున్నారు. అప్పటికి నాన్న లేరు కదా, మాకు వర్తిస్తుందా?

రైతుబిడ్డ_63
దావా వేస్తే పొలం వస్తుందేమో గానీ పుట్టిల్లు ఉండదమ్మా. ముందు అది ఆలోచించుకోండి.

డల్లాస్_డైరీ
వర్తించదు. కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చిన కేంద్ర సవరణ అమలైన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి హక్కు అని సుప్రీంకోర్టే చెప్పింది. ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి కేసు, 2015. మా బాబాయి వాళ్ల పంపకంలో లాయరు ఇదే చూపించాడు.

సివిల్_జూనియర్
అది పాత మాట సార్. ఫూలవతి తీర్పు ఇచ్చింది ఇద్దరు జడ్జీల బెంచి. 2018లో దానమ్మ కేసులో ఇంకో ఇద్దరు జడ్జీల బెంచి, తండ్రి 2001లోనే చనిపోయినా కూతుళ్లకు అయిదో వంతు చొప్పున ఇచ్చింది. రెండూ ఒకదానికొకటి పొసగలేదు. కింది కోర్టుల్లో ఎవరికి అనుకూలమైనది వాళ్లు చదివేవారు. అందుకే విషయం ముగ్గురు జడ్జీల ముందుకు వెళ్లింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ వర్సెస్ రాకేశ్ శర్మ కేసులో జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎం.ఆర్. షా తేల్చేశారు. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదు. ఆ కేసులో తండ్రి చనిపోయింది కూడా 1999లోనే. ఫూలవతిని ఆ మేరకు తోసిపుచ్చారు.

 

పాత_ప్లీడర్
జూనియర్ గారు చెప్పింది కరెక్టే. కానీ ఈ అమ్మాయి కేసులో అసలు కథ 2020లో మొదలవలేదు, 1985లో మొదలైంది. తీర్పు పేరు పట్టుకుని పరిగెత్తే ముందు తేదీలు కావాలి. తాతగారు ఏ సంవత్సరంలో పోయారు? నాన్నమ్మ ఎప్పుడు పోయారు? నాన్నగారికి తోబుట్టువులు ఉన్నారా? పొలంలో నాన్నగారు స్వయంగా కొన్నది ఏమైనా ఉందా? ఇవి చెప్పండి, లెక్క వేద్దాం.

తెనాలి_ఆడపడుచు
తాతగారు 1954లో పోయారండి. నాన్నమ్మ అంతకుముందే పోయింది. నాన్న ఒక్కరే సంతానం. ఎనిమిదెకరాలూ తాతగారి నుంచి వచ్చినవే. ఇవి కాక నాన్న టీచర్ ఉద్యోగం చేస్తూ 1978లో ఆయన పేరు మీద రెండెకరాల మామిడి తోట కొన్నారు. దాని సంగతి అన్నయ్య ఎత్తడం లేదు.

పాత_ప్లీడర్
బాగుంది. 1954 అన్నారు కాబట్టి పని తేలికైంది. హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది 1956 జూన్ 17న. తాతగారు అంతకుముందే పోయారు గనుక ఆ ఎనిమిదెకరాలు మీ నాన్నగారి చేతిలో పిత్రార్జితమే. అందులో ఆయన బిడ్డలకు పుట్టుకతోనే హక్కు. అప్పటి చట్ట ప్రకారం బిడ్డలంటే మగబిడ్డలే.

ఇప్పుడు మూడు లెక్కలు వేస్తాను. ఎనిమిదెకరాలంటే 800 సెంట్లు.

1956 చట్టం మారకుండా అలాగే ఉందనుకోండి. నాన్నగారు పోయిన రోజున ఆయనకూ కొడుక్కూ మధ్య పంపకం జరిగినట్టు భావిస్తారు. 400 కొడుక్కి, 400 నాన్నగారికి. (మన దక్షిణాదిలో ఆ పంపకంలో భార్యకు వాటా వేయరు.) నాన్నగారి 400 నలుగురికీ సమానం. కొడుక్కి 500, అక్కకు 100, మీకు 100, అమ్మకు 100 సెంట్లు.

కానీ మన రాష్ట్రంలో చట్టం అలా ఉండిపోలేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. కేంద్రం కంటే ఇరవై ఏళ్ల ముందే కూతుర్ని కొడుకుతో సమానం చేసింది. తర్వాత తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే దారి పట్టాయి. అయితే ఒక మెలిక పెట్టారు. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతురికి ఇది వర్తించదు. అంటే 1983లో పెళ్లయిన మీ అక్క బయట, 1991లో పెళ్లయిన మీరు లోపల. ఒకే తండ్రి బిడ్డలే, ఒకే ఇంట్లో పెరిగారు. ఈ లెక్కలో నాన్న, అన్న, మీరు ముగ్గురూ తలా మూడో వంతు. నాన్నగారి మూడో వంతు మళ్లీ నలుగురికి. మీకూ అన్నయ్యకూ చెరి 333 సెంట్లు, అక్కకు దాదాపు 67, అమ్మకు 67.

ఇక 2005 కేంద్ర సవరణ, 2020 తీర్పు కలిపి చూస్తే పెళ్లి తేదీతో పని లేదు. నాన్న, అన్న, అక్క, మీరు తలా 200. నాన్నగారి 200 నలుగురికీ తలా 50. పిల్లలు ముగ్గురికీ 250 చొప్పున, అమ్మకు 50. ఈ రోజు కోర్టుకు వెళ్తే నిలబడే లెక్క ఇదే.

మామిడి తోట నాన్నగారి స్వార్జితం. దానికి ఈ తీర్పులతో సంబంధం లేదు. 1956 నుంచీ సెక్షన్ 8 కింద భార్యకు, కొడుక్కి, కూతుళ్లకు సమానమే. నలుగురికీ యాభై సెంట్ల చొప్పున.

వరంగల్_వాసి
అంటే ఈ మేడమ్‌కి 2020 తీర్పుతో లాభం కాదు, నష్టం. 333 నుంచి 250కి దిగింది!

పాత_ప్లీడర్
అవును. లాభపడింది అక్క. అందరికంటే తక్కువ మిగిలింది అమ్మకు. పాత చట్టంలో ఎకరం, కొత్త లెక్కలో అరెకరం. కూతుళ్లను పైకెత్తినప్పుడల్లా తల్లి వాటా తగ్గుతూ వచ్చింది. తండ్రి వాటా ఎంత చిన్నదైతే భార్యకు వచ్చే ముక్క అంత చిన్నది. పేపర్లు ‘ఆడపిల్లల విజయం’ అని హెడ్డింగులు పెట్టిన రోజున ఈ ముక్క ఎవరూ రాయలేదు. ఆమె కూడా ఆడదే.

కృష్ణా_తీరం
ఇదే నేను ఎప్పటి నుంచో అంటున్నా. మా అమ్మ పేరు మీద ఏమీ లేదు, నలభై ఏళ్లు పొలం గట్ల మీద తిరిగింది ఆవిడే.

రైతుబిడ్డ_63
లెక్కలు బాగున్నాయి. మరి అన్న పెట్టిన కట్నాలు, తల్లికి చేసిన వైద్యం, తండ్రి చేసిన అప్పులు కట్టింది ఎవరు? పాతికేళ్లు ఊరుకుని ధర రాగానే హక్కులు గుర్తొస్తాయా? లిమిటేషన్, అంటే దావా వేసే గడువు, ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

సివిల్_జూనియర్
అన్నగారూ, మీ బాధ అర్థమైంది గానీ లిమిటేషన్ సంగతి అలా కాదు. ఉమ్మడి ఆస్తిలో ఒకరి స్వాధీనం అందరి తరఫున ఉన్నట్టే లెక్క. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 110 ప్రకారం 12 ఏళ్లు లెక్కపెట్టేది, ‘నీకు వాటా లేదు’ అని తనను పక్కన పెట్టిన సంగతి ఆమెకు తెలిసిన రోజు నుంచి. ఇక్కడ అన్నయ్య అలా అన్నట్టు లేదు. పైగా ఆయన పంపిన డ్రాఫ్టులో ‘మా వాటా’ అని ఉంది. వాటా లేని మనిషి దగ్గర విడుదల దస్తావేజు ఎవరు రాయించుకుంటారు? ఆ వాట్సాప్ మెసేజ్ డిలీట్ చేయొద్దు మేడమ్.

కట్నం సంగతి. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా తీరిపోయినట్టు కాదు. అన్నయ్య కట్టిన తండ్రి అప్పుల మాట వేరు. వాటికి రసీదులుంటే పంపకంలో కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు. అలాగే ఇన్నేళ్ల కౌలు డబ్బులకూ లెక్క అడగొచ్చు. రెండువైపులా పదును ఉంది.

డల్లాస్_డైరీ
పసుపు కుంకుమ కింద పొలం రాసిచ్చి ఉంటే? మా వైపు ఎకరం అర ఇచ్చేవాళ్లు.

పాత_ప్లీడర్
తండ్రి పిత్రార్జితంలోంచి సమంజసమైన మేరకు కూతురికి దానం చేయవచ్చని 1964లోనే సుప్రీంకోర్టు గురమ్మ కేసులో చెప్పింది. కానీ నోటిమాటతో ఇస్తే చాలదు. పసుపు కుంకుమ కూడా దానమే, దానికి రిజిస్టర్డ్ దస్తావేజు కావాలని 2001లో మన హైకోర్టు ఫుల్ బెంచి తేల్చింది. మా ఊళ్లలో పసుపు కుంకుమ భూముల్లో సగానికి కాగితమే ఉండదు. ఇచ్చింది నిజం, దున్నుకుంటున్నది నిజం, దస్తావేజు మాత్రం లేదు.

తెనాలి_ఆడపడుచు
చాలా థాంక్స్ అండీ. నిన్న అన్నయ్యతో ఫోన్‌లో మాట్లాడాను. ఇప్పుడు కొత్త మాట చెప్తున్నాడు. 1997లోనే పెద్దమనుషుల సమక్షంలో నాన్న, తను పంచేసుకున్నారట. కాగితం ఫొటో పంపాడు. తెల్లకాగితం, కింద రెవెన్యూ స్టాంపు, అయిదుగురు సాక్షుల సంతకాలు, ఒకరిది వేలిముద్ర. ‘తూర్పు చెక్క నాలుగెకరములు కుమారునికి, పడమటి చెక్క నాలుగెకరములు తండ్రికి చెందునట్లు ఈ దినము భాగములు పంచుకొనడమైనది’ అని రాసి ఉంది. రిజిస్ట్రేషన్ లేదు. నాన్న సంతకం నాన్నదే. అది చూసి కాస్త టెన్షన్ వచ్చింది.

వరంగల్_వాసి
పాస్‌బుక్కులు ఎవరి పేరు మీదున్నాయి? మా దగ్గర ఫౌతీ (చనిపోయినవాళ్ల పేరు తీసి వారసుల పేరు ఎక్కించడం) చేయించుకుని పాస్‌బుక్కు తెచ్చుకుంటే భూమి తనదే అనుకుంటారు.

తెనాలి_ఆడపడుచు
2001 వరకు రెవెన్యూ భూమి రికార్డైన అడంగల్‌లో మొత్తం నాన్న పేరే ఉంది. తర్వాత మొత్తం అన్నయ్య పేరు మీదికి మారింది.

సివిల్_జూనియర్
అయితే ఆ కాగితం దాని గొయ్యి అదే తవ్వుకుంది. 1997లో పంచుకుని ఉంటే నాలుగెకరాలు వెంటనే అన్నయ్య పేరు మీదికి మారాలి కదా? నాలుగేళ్లు ఎందుకు మారలేదు?

2005 సవరణలో ఒక రక్షణ ఉంది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాలు, పంపకాలు, వీలునామాలు చెక్కుచెదరవు. కానీ పంపకం అంటే రిజిస్టర్ అయిన దస్తావేజు లేదా కోర్టు డిక్రీ అని చట్టమే చెప్పింది. కూతుళ్లను తప్పించడానికి పాత తేదీ వేసి కాగితాలు పుట్టిస్తారని అందరికీ తెలుసు. వినీతా శర్మలో కూడా నోటిమాట పంపకాన్ని మామూలుగా ఒప్పుకోకూడదన్నారు. పబ్లిక్ రికార్డులు గట్టిగా ఉండి, చివరికి డిక్రీతో సమానంగా పంపకం రుజువైతే, అదీ అరుదుగా, ఒప్పుకోవచ్చన్నారు. ఉత్త సాక్షుల మాట మీద ఒప్పుకోరు.

సీమ_బిడ్డ
నేను ఒప్పుకోను. పల్లెల్లో నిజంగా జరిగిన పంపకాల్లో చాలామటుకు తెల్లకాగితం మీదే జరిగాయి. మా ఇంట్లో అట్లనే. స్టాంపు డ్యూటీకి డబ్బులెక్కడివి, తాలూకా ఆఫీసుకు పోయే తీరికెక్కడిది? పెద్దమనుషులు చెప్తే అదే శాసనం. దొంగకాగితాల వాళ్లకు భయపడి నిజమైన పంపకాలన్నీ చెల్లవంటే ఎట్లా? కోర్టు పట్నం కళ్లతో చూస్తాంది.

పాత_ప్లీడర్
సీమ బిడ్డ గారి మాటలో బలం ఉంది. అందుకే కోర్టు తలుపు పూర్తిగా మూయలేదు, సందు వదిలింది. ఎప్పుడో జరిగిపోయిన పంపకాన్ని గుర్తు కోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 1976లో కాలే కేసులోనే చెప్పారు. ఎవరి చెక్క వాళ్లు దున్నుకుంటూ, ఎవరి శిస్తు వాళ్లు కట్టుకుంటూ, ఎవరి పేరున వాళ్లకు అడంగల్ నడుస్తూ ఉంటే ఇప్పటికీ వాదించుకోవచ్చు.

ఈ కాగితం అలాంటిది కాదు. ‘ఈ దినము పంచుకొనడమైనది’ అని ఉంది. అంటే ఆ కాగితమే పంపకం చేస్తోంది. అలాంటిదానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకపోతే పంపకానికి రుజువుగా పనికిరాదు. ఇంకో సంగతి. 1997 నాటికే ఈ అమ్మాయి 1985 సవరణ కింద హక్కుదారు. ఆమెను పిలవకుండా, ఆమెకు వాటా పెట్టకుండా తండ్రీకొడుకులు పంచుకుంటే ఆమెను ఎలా కట్టేస్తుంది? వాదన కోసం కాగితం నిజమే అనుకుందాం. అప్పుడు కూడా పడమటి నాలుగెకరాలు తండ్రివి. ఆయన వీలునామా లేకుండా పోయారు. నలుగురికీ తలా ఎకరం రావాలి. మరి మొత్తం ఎనిమిదెకరాలూ అన్నయ్య పేరు మీదికి ఎలా వెళ్లాయి? ఏ దారిన వెళ్లినా ఆ సంతకం ఊరికే పెట్టాల్సింది కాదు.

అడంగల్, 1బి, పాస్‌బుక్కు ఏదీ యాజమాన్య హక్కును పుట్టించదు. శిస్తు ఎవరు కట్టాలో చెప్పడానికి రెవెన్యూ వాళ్లు రాసుకున్న రికార్డు అది.

వరంగల్_వాసి
నాదొక డౌటు. మా తాత 1975లో పోయిండు, భూమి ఆయన సొంతంగా కొన్నదే. మా నాయన ఉన్నడు, ఇప్పుడు అమ్ముతనంటున్నడు. నేను ఆపొచ్చా? తాత ఆస్తిలో మనుమడికి హక్కు ఉంటదంటరు కదా. మాకు కూడా 1985 చట్టం వర్తిస్తదా, తెలంగాణ వేరైంది కదా?

పాత_ప్లీడర్
1985లో అంతా ఒకటే రాష్ట్రం తమ్ముడూ, ఆ సవరణ మీకూ వర్తించింది. కానీ మీ కేసులో దాని పని లేదు. తాతగారు 1956 తర్వాత పోయారు, ఆస్తి స్వార్జితం. మీ నాన్నగారికి వచ్చిన వాటా సెక్షన్ 8 కింద వచ్చింది. అలా వచ్చినది ఆయన సొంతం, అందులో కొడుక్కి పుట్టుకతో హక్కు లేదని 1986లో చందర్ సేన్ కేసులో తేల్చారు. తాత ఆస్తి అన్నంత మాత్రాన పిత్రార్జితం కాదు. ఈ ఒక్క తేడా తెలియక మన జిల్లా కోర్టుల్లో ఎన్ని దావాలు పడుతున్నాయో చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. మీ నాన్నగారు అమ్ముకోవచ్చు. మీకు మేనత్తలుంటే మాత్రం తాతగారి ఆస్తిలో వాళ్లకూ వాటా ఉంది. అది అడిగారా?

వరంగల్_వాసి
ముగ్గురున్నరు సార్ 🙏 ఈ ముచ్చట ఇంట్ల చెప్పను.

కృష్ణా_తీరం
హహ. అందరూ చెల్లెలి హక్కు అన్నప్పుడు బాధపడతారు, మేనత్త హక్కు అన్నప్పుడు నోరు మూసుకుంటారు.

రైతుబిడ్డ_63
సరే, చట్టం ఆమె వైపే ఉందనుకుందాం. దావా వేస్తే ఎన్నేళ్లు? ముందు వాటాలు తేల్చే ప్రిలిమినరీ డిక్రీ, తర్వాత అడ్వకేట్ కమిషనర్, కొలతలు, అభ్యంతరాలు, భూమి విడగొట్టే ఫైనల్ డిక్రీ, ఆపై అప్పీళ్లు. ఆమె మనవలు తీసుకుంటారు.

సివిల్_జూనియర్
ఆలస్యం నిజమే, కాదనను. ఆ ఆలస్యమే కొందరికి కలిసొచ్చింది కూడా. ప్రిలిమినరీ డిక్రీ అయిపోయినా ఫైనల్ డిక్రీ కాకపోతే పంపకం పూర్తికానట్టే. 1985 సవరణ విషయంలో ఎస్. సాయిరెడ్డి కేసులో 1991లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పి, మధ్యలో వచ్చిన చట్టం ప్రయోజనం ఆడపిల్లలకు ఇచ్చింది. 2011లో గండూరి కోటేశ్వరమ్మ కేసులో 2005 సవరణకూ అదే సూత్రం. ప్రిలిమినరీ డిక్రీ 1999లో వచ్చింది, ఫైనల్ కాలేదు, ఈలోపు చట్టం మారింది, వాటాలు మార్చి లెక్కకట్టమన్నారు. రెండూ మన తెలుగు నేల కేసులే. ఢిల్లీ తీర్పుల పేర్లే అందరి నోళ్లలో తిరుగుతాయి గానీ, ఆ దారి వేసింది ఇక్కడి ఆడపడుచులు.

పాత_ప్లీడర్
దావా వేయమని నేనూ అనను. అమ్మాయీ, నీ చేతిలో ఉన్న బలం ఏమిటంటే కొనేవాడు నీ సంతకం లేకుండా కొనడు. కాబట్టి మాట్లాడుకోవడానికి ఇదే సమయం. రాజీ కుదిరితే తెల్లకాగితం మీద మళ్లీ రాయొద్దు. లోక్ అదాలత్‌కు వెళ్లండి. దావా వేయకుండానే వెళ్లవచ్చు. అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. లేదంటే అందరూ కలిసి అమ్మకం దస్తావేజు మీదే సంతకాలు పెట్టి, ఎవరి డబ్బు వాళ్ల ఖాతాలో పడేట్టు చూసుకోండి. ఇదే అన్నిటికంటే తేలిక.

అమ్మగారి విషయంలో ఒక మాట. ఆవిడ వాటా ఎవరికైనా రాసివ్వాలనుకుంటే గిఫ్ట్ డీడ్ కంటే వీలునామా మేలు. గిఫ్టే రాయాలంటే తనను పోషించాలన్న షరతు దస్తావేజులో స్పష్టంగా ఉండాలి. ఆ షరతు ఉంటేనే, రేపు చూడకపోతే 2007 వృద్ధుల చట్టం సెక్షన్ 23 కింద రద్దు చేయించుకోవడం సులువు.

తెనాలి_ఆడపడుచు
పది రోజుల తర్వాత రాస్తున్నాను. అక్కకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. 1985 లెక్కలో తను బయట ఉందని తెలిసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘పెళ్లి ముందు చేసినందుకు నేను కూతుర్ని కాకుండా పోయానా’ అంది.

ఆదివారం అందరం అమ్మ దగ్గర కూర్చున్నాం. అన్నయ్య మొదట కేకలేశాడు, తర్వాత నాన్న బ్యాంకు లోను కట్టిన రసీదులు తెచ్చి ముందు పడేశాడు. అవి నిజమే. అవి తీసేసి మిగతాది మాట్లాడుకున్నాం. పొలం డబ్బులో అక్కకూ నాకూ చెరి రెండెకరాల విలువ, అమ్మకు ఎకరం విలువ ఆమె పేరునే డిపాజిట్, మిగిలిన మూడెకరాల విలువ అన్నయ్యకు అన్నదాకా వచ్చాం. మామిడి తోట అమ్మ ఉన్నంతకాలం అమ్మదే. చట్టం ప్రకారం నాకు వచ్చేదానికంటే తక్కువే, తెలిసే ఒప్పుకున్నాను. వదిన మాత్రం మాట్లాడటం లేదు.

రైతుబిడ్డ_63
మంచి పని చేశారమ్మా. అమ్మకు ఎకరం అన్నది అందరికంటే నచ్చింది. చట్టం ఇచ్చే అరెకరానికి రెట్టింపు.

సివిల్_జూనియర్
మేడమ్, మామిడి తోట ‘అమ్మ ఉన్నంతకాలం’ అన్నది నోటిమాటగా వదలకండి. అమ్మకు అనుభవ హక్కు, తర్వాత ముగ్గురికీ సమానం అని రాజీ షరతుల్లోనే రాయించండి. సర్వే నంబరు, హద్దులు కూడా.

తెనాలి_ఆడపడుచు
మండల లీగల్ సర్వీసెస్ కమిటీకి వచ్చే వారం వెళ్తున్నాం. ఏం పట్టుకెళ్లాలి?

పాత_ప్లీడర్
నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, 1978 తోట కొనుగోలు దస్తావేజు, రెండు భూములకూ ఈసీ (భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం), 2001కి ముందువీ తర్వాతవీ అడంగల్ నకళ్లు, అందరి ఆధార్ జిరాక్సులు. ఆ 1997 కాగితం అసలు ప్రతి కూడా అన్నయ్యను తెమ్మనండి. దాన్ని ఇక ఎవరూ ఎక్కడా వాడబోమని రాజీలో ఒక వాక్యం రాయించి, ఆ ప్రతిని ఫైలుకు జతచేయించండి.